సర్కారు జీతం, సొంత ఛానల్: ఆ పేరు మనిషిదా, కుర్చీదా?

తోటమనిషి · సోమవారం రాత్రి 9:12

ఉద్యాన పంటల మీద పనిచేసే ప్రభుత్వ ఉద్యోగిని. ఏ ఊరు, ఏ హోదా అని మాత్రం అడగకండి. నాలుగేళ్ల క్రితం ఒక ఆదివారం చిత్తూరు జిల్లా బంగారుపాళెం దగ్గర మామిడి తోటలో నిలబడి, తేనెమంచు పురుగు గురించి మాట్లాడి యూట్యూబ్‌లో పెట్టాను. ఫోను పట్టుకున్నది మా అక్క కొడుకు. పూతలో పురుగు ఎక్కడ దాక్కుంటుందో, ఆకుల మీద జిగురు కారాక మసి ఎందుకు పడుతుందో చూపించాను, అంతే. ఎవరెవరో దాన్ని వాట్సాప్‌లో పంచుకున్నారు. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. ఇప్పుడు ఛానల్‌కు ఇరవై వేలమందికి పైగా చందాదారులు ఉన్నారు. ఛానల్ పేరు నా పేరే.

పోయిన నెల బదిలీ అయింది. కొత్త చోట పై అధికారి మొదటి రోజే, "ఆ ఛానల్ ఆఫీసుకు అప్పగించండి, పాస్‌వర్డ్ సెక్షన్‌లో రాసి ఇవ్వండి" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ వేళాకోళం కాదు. పాత చోటివాళ్లేమో, మా దగ్గర పనిచేస్తూ తీసినవి కాబట్టి మావే అంటున్నారు.

ఇది చాలదన్నట్టు మొన్న ఒక రైతు సంచిలోంచి పురుగుమందు సీసా తీసి నా బల్ల మీద పెట్టాడు. "మీరు చెప్పిన మందే సార్" అన్నాడు. ఆ మందు పేరు నేను ఎన్నడూ ఎత్తలేదు. ఫోనులో చూపించమన్నాను. నా వీడియోకు ముందు వచ్చే ప్రకటన అది. అందులోనూ ఒకాయన మామిడి చెట్టు కింద నిలబడి మాట్లాడుతున్నాడు. గళ్ల చొక్కా, మెడలో తువ్వాలు. ఆయనకూ మీసం ఉంది, నాకూ ఉంది. రైతుది తప్పని ఎలా అనగలను?

మూసేయాలా, ఇచ్చేయాలా, నడపాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

సువర్ణముఖి · సోమవారం రాత్రి 9:31

పాస్‌వర్డ్ ఇవ్వకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఫైలు నంబరు 27 · సోమవారం రాత్రి 10:05

రిటైరైన సూపరింటెండెంటును. ముప్ఫై ఏళ్లకు పైగా ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లోనే అరిగిపోయాను. తోటమనిషి గారూ, ముందు నిబంధన చూడండి, బాధ తర్వాత పడవచ్చు.

కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. అందులో 8వ నిబంధన ప్రకారం పత్రికనుగానీ ఎలక్ట్రానిక్ మాధ్యమాన్నిగానీ ముందస్తు అనుమతి లేకుండా సొంతంగా నడపకూడదు. విధి నిర్వహణలో భాగంగా మాట్లాడితే ఆ అడ్డు లేదు. మాట్లాడినప్పుడల్లా ఇవి నా సొంత అభిప్రాయాలు, ప్రభుత్వానివి కావు అని స్పష్టం చేయాలి. 9వ నిబంధన ప్రభుత్వ విధానాలను విమర్శించవద్దంటుంది. 15వది అనుమతి లేని వ్యాపారం వద్దంటుంది. అయితే అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనికి ఆ 15వ నిబంధనలోనే మినహాయింపు ఉంది. మన ఆంధ్రప్రదేశ్ నియమాలూ 1964వే, గుణం కూడా అదే.

ఇక్కడ కీలకం "అప్పుడప్పుడూ" అన్న మాట. ఏడాదికి నాలుగు వీడియోలు అప్పుడప్పుడూ అవుతాయి. వారానికి రెండు, పైగా నెలనెలా బ్యాంకులో డబ్బు పడుతుంటే దాన్ని అప్పుడప్పుడూ అని ఏ ఆడిటరూ ఒప్పుకోడు. "ఎలక్ట్రానిక్ మాధ్యమం" అని రాసినవాళ్ల కళ్ల ముందున్నది టీవీ, మీ అక్క కొడుకు ఫోను కాదు. కానీ ఆ సందు మీద వాదించాల్సి వస్తే అప్పటికే మీ చేతిలో సంజాయిషీ అడిగే మెమో ఉంటుంది.

కాబట్టి రేపే ఒక ఉత్తరం రాయండి. ఫలానా ఛానల్ ఉంది, ఫలానా తేదీ నుంచి ఉంది, ఇంత డబ్బు వస్తోంది లేదా రావడం లేదు, కొనసాగించడానికి అనుమతి కోరుతున్నాను. ఉత్తరం అందినట్టు ఆఫీసు రిజిస్టరులో రాసే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. జవాబు రాకపోయినా ఆ నంబరు ఒకరోజు మిమ్మల్ని కాపాడుతుంది.

కాణిపాకం రైతు · మంగళవారం ఉదయం 6:20

తోటమనిషి సార్, మీరెవరో నాకు తెలిసిపోయింది. చెప్పను లెండి.

మూయవద్దు. ఒక శాఖ వాళ్ల పేజీ నేనూ చూస్తుంటాను. సమావేశాలు, శాలువాలు, పూలబొకేలు, జ్యోతి వెలిగించడాలు. మూడు నెలలు వెనక్కి జరిపినా పురుగు బొమ్మ ఒక్కటి కనిపించలేదు. మీ వీడియోలో మీరు పూతను అరచేతి మీద తట్టి, రాలిన పిల్ల పురుగులను లెక్కపెట్టి చూపించారు. నేనూ అలాగే తట్టి చూశాను. నాకు కావలసింది అది.

2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి గుజ్జు ఫ్యాక్టరీలు కిలో 8 రూపాయలు, ప్రభుత్వం ఇంకో 4 రూపాయలు అన్నప్పుడు మాకు ఎవరిని అడగాలో తెలియలేదు. మీరు ధర గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అప్పుడు కోపం వచ్చింది. పై పోస్టు చదివాక ఎందుకు మాట్లాడలేదో అర్థమైంది.

తలకోన · మంగళవారం ఉదయం 8:47

ఇంకో వైపు నేను చెబుతాను, ఎవరికీ నచ్చకపోయినా సరే.

"జనం కోసమే" అని అందరూ అంటారు. ఛానల్ పేరు "మామిడి సాగు" అని పెట్టలేదు కదా, మీ పేరే పెట్టారు. నాకు తెలిసిన ఒక కార్యాలయంలో అధికారి తనిఖీకి వెళితే ముందు బండి దిగడం రెండుసార్లు తీస్తారు. వెనక పాట. జవానుకు సగం పని వీడియో తీయడమే. 2022 గుజరాత్ ఎన్నికల్లో ఒక ఐఏఎస్ అధికారి పరిశీలకుడిగా వెళ్లి, అధికారిక కారు పక్కన దిగిన ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంటే ఎన్నికల సంఘం ఆయన్ను ఆ బాధ్యత నుంచే తప్పించింది. 2023లో ఉత్తరప్రదేశ్ పోలీసు శాఖ యూనిఫాంలో రీల్స్ చేయవద్దని తన సిబ్బందికి కట్టడి పెట్టింది. ఊరికే పెట్టారా? జీతమిచ్చేది జనం, పేరు మాత్రం సొంతానికా?

తోటమనిషి · మంగళవారం ఉదయం 9:02

ఆఫీసుకు వెళుతూ రాస్తున్నాను. పేరు పెట్టింది మా అక్క కొడుకు. నేను మార్చలేదు. బాగుందనే మార్చలేదు. అది ఒప్పుకుంటాను.

మెట్లదారి · మంగళవారం మధ్యాహ్నం 1:15

అడవి సిబ్బందిలో ఒకడిని. శేషాచలం కొండల్లో మా పని. పేరు సంగతి మీరు తేల్చుకోండి, నేను వేరే భయం చెబుతాను.

మా పనికి రుజువుగా ఫొటో పంపాలి. ఆ ఫొటో కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం అచ్చుపడే కెమెరా యాప్ వాడతాం. మీ ఆఫీసుల్లోనూ వాడుతూ ఉంటారు. చిక్కేమిటంటే అదే ఫొటోను కుర్రాళ్లు సాయంత్రం స్టేటస్‌గా పెట్టుకుంటారు. ఒకసారి మా కుర్రాడు బంగారు బల్లి ఫొటో పెట్టాడు. ఎంత చక్కగా వచ్చిందో! రాతి పగులులో పసుపుపచ్చగా మెరుస్తోంది. కింద చూస్తే 13 డిగ్రీలు అని మొదలై దశాంశం తర్వాత ఆరు అంకెలు. ఆరు అంకెలుంటే ఆ రాయి దగ్గరికి నేరుగా నడిచి వెళ్లిపోవచ్చు. ఎర్రచందనం చెట్టు అయినా, దేవాంగపిల్లి అయినా అంతే. అడవిని ప్రేమించేవాడు పెట్టిన ఫొటోనే దొంగకు దారి చూపిస్తుంది. ఫోను చేసి తీయించాను. పన్నెండు మంది చూసేశారు. వాళ్లెవరో ఈరోజుకీ నాకు తెలియదు.

ఇంకో పక్క, 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో చిరుతపులి పాపను పొట్టన పెట్టుకున్నాక రెండు నెలలపాటు ఎక్కడెక్కడి చిరుత వీడియోలో తిరుమలవి అని తిప్పారు. వాటిలో ఏది మన కొండ, ఏది కాదు అన్నది చెట్టు చూసి, రాయి చూసి మేం ఒక్క నిమిషంలో చెప్పగలం. చెప్పే అధికారం మాకు లేదు. చెప్పగలిగినవాడు నోరు మూసుకుని కూర్చుంటే తెలియనివాడే నిపుణుడు అయిపోయాడు.

రాయలచెరువు గట్టు · మంగళవారం రాత్రి 8:40

మెట్లదారి గారి చివరి మాట చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. నీటిపారుదల మనిషిని.

2021 నవంబరు వరదలు ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడింది. కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ రాత్రి నేనూ గట్టు మీదే ఉన్నాను. ఇసుక బస్తాలు వేస్తున్నాం, కాళ్లు బురదలో పిక్కల దాకా దిగిపోతున్నాయి. జేబులో ఫోను ఆగకుండా మోగుతోంది. తీస్తే మా పిన్ని. "చెరువు తెగిపోయిందట కదరా, వాట్సాప్‌లో వచ్చింది, నువ్వు బతికే ఉన్నావా?" తెగిన కట్ట వీడియో ఒకటి పంపించింది. అది ఏ రాష్ట్రానిదో.

నేను చేసింది ఇదీ. గట్టు మీద నిలబడి నలభై సెకన్ల మాట రికార్డు చేశాను. "నేను ఫలానా, ఇప్పుడు సమయం ఇంత, కట్ట మీదే ఉన్నాను, తెగలేదు, లీకు ఉంది, బస్తాలు వేస్తున్నాం. ఖాళీ చేయమన్న ఊళ్లవాళ్లు మాత్రం వెనక్కి రావద్దు" అన్నాను. మా బంధువుల గ్రూపులో పెట్టాను. పొద్దున్నకల్లా తిరుపతి అంతా తిరిగింది. అంతకు ముందు వచ్చిన అధికారిక ప్రకటనలోనూ అదే విషయం ఉంది. కానీ దాన్ని నమ్మని పిన్ని నా గొంతును నమ్మింది. ప్రకటనకు ముక్కూ మొహం ఉండవు. నాకు ఒక పేరుంది, తప్పు చెబితే పట్టుకుని అడగడానికి ఒక ఇల్లుంది.

తర్వాత పైనుంచి మెమో వచ్చింది, అనుమతి లేకుండా సమాచారం విడుదల చేశానని. జవాబిచ్చాను. ఇంక్రిమెంటు ఆగలేదు గానీ ఆ కాగితం నా సర్వీసు ఫైలులో ఉంది.

ఆ వారమే తిరుపతి కృష్ణానగర్‌లో ఒక ఇంటి సంపు నేలలోంచి పైకి లేచింది, గుర్తుందా? శుభ్రం చేయడానికి నీళ్లు తోడేశారు, చుట్టూ నేల నీటితో నిండి ఉంది, ఖాళీ తొట్టిని పడవలా కింది నీళ్లే పైకి నెట్టాయి. మొదటి ఏడాది ఇంజనీరింగ్ పిల్లలకు చెప్పే సంగతి. నిపుణులు వచ్చి చూసి వివరించేలోపు అద్భుతం అంటూ దేశమంతా తిరిగేసింది.

ఫైలు నంబరు 27 · మంగళవారం రాత్రి 9:10

గట్టు గారూ, మెమో ఇచ్చినవాడిది కూడా పూర్తిగా తప్పని అనలేను. ఆ రాత్రి మీ గొంతు నిజం చెప్పింది. ఇంకొకరెవరో ధైర్యం చెప్పాలని "ఏమీ కాదు, ఇళ్లకు వెళ్లండి" అని ఉంటే? మీరు "వెనక్కి రావద్దు" అన్నారు కాబట్టి సరిపోయింది. ఆ కాగితం చూసి బాధపడకండి. నా ఫైలులో మూడు ఉన్నాయి. ఒకటి గొడుగు గురించి.

సువర్ణముఖి · మంగళవారం రాత్రి 9:14

గొడుగు కథ ఏమిటో చెప్పాలి.

ఫైలు నంబరు 27 · మంగళవారం రాత్రి 9:16

వేరే చర్చలో.

తెల్లకోటు · బుధవారం ఉదయం 7:05

ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరును. మాకు రెండు కత్తెరలు. ఒకటి సర్వీసు నిబంధనలు, రెండోది వైద్య మండలి. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి ఇచ్చింది. అందులో సామాజిక మాధ్యమాల మీద ప్రత్యేక భాగం ఉంది. రోగి ఫొటోలు, స్కానింగులు పెట్టవద్దు, లైకులు, ఫాలోయర్లను డబ్బిచ్చి కొనవద్దు అని. అదే నెల 23న మొత్తం నియమావళిని నిలిపివేశారు. ప్రస్తుతానికి 2002 నాటి నియమాలే దిక్కు. అవి రాసినప్పుడు ఫేస్‌బుక్ పుట్టలేదు.

నా అనుభవం ఒకటే. ఆసుపత్రి వరండాలో పాముకాటు మీద ఒక చిన్న వీడియో చేశాను. కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, కదలకుండా పడుకోబెట్టి తీసుకురండి. అంతే. పెట్టాక మా నర్సమ్మ చూసి, "సార్, మీ వెనక మంచం మీద మొహం కనిపిస్తోంది" అంది. అవును, చిన్నగా, ఒక మూల. ఆమె ఎందుకు చేరిందో ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేదు. వెంటనే తీసేశాను. ఇప్పుడు గోడ ముందు నిలబడి తీస్తాను. ఖాళీ గోడ, కేలెండరు కూడా ఉండదు.

పలమనేరు పాలు · బుధవారం మధ్యాహ్నం 12:30

పశువైద్యుణ్ని. 2024 సంక్రాంతికి ప్రధాని పుంగనూరు ఆవులకు మేత పెట్టిన దృశ్యాలు వచ్చాక నాకు రోజూ ఫోన్లే. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి. "ఇంకా పొట్టిది ఉందా డాక్టర్ గారూ? బాల్కనీలో పడుతుందా?" అప్పుడు ఒక వీడియో చేశాను. అసలు జాతి లక్షణాలు ఏమిటి, పొట్టిగా ఉన్న ప్రతి దూడా పుంగనూరు ఎందుకు కాదు, కొనేముందు ఏం చూడాలి అని. పలమనేరులో పశు పరిశోధనా కేంద్రం ఉన్నదే ఈ జాతిని కాపాడటానికి, అక్కడికి వెళ్లి చూడండి అని కూడా చెప్పాను.

రెండు నెలలకు ఒక మిత్రుడు ఇంకో వీడియో పంపాడు. దూడలు అమ్మే ఒకాయన నా వీడియోలోంచి పన్నెండు సెకన్లు కత్తిరించి తన దూడ పక్కన అతికించాడు. నేను "ఇది అసలైన పుంగనూరు" అంటున్నట్టుగా. ఆ మాట నేను అన్నదే, వేరే ఆవును చూపిస్తూ. ఇంకొకరి వ్యాపారానికి నా మొహం బోర్డు అయింది. ఫిర్యాదు చేశాను, తీసేశారు, మళ్లీ వేరే పేరుతో పెట్టారు. అప్పటినుంచి వీడియోలో ఆవు మీద చెయ్యి వేయను. నవ్వుతున్నారా? నిజంగా వేయను.

నిర్వాహకుడు · బుధవారం సాయంత్రం 5:00

పార్టీల ప్రస్తావన ఉన్న రెండు సమాధానాలు తీసేశాను. కొనసాగించండి.

గోవిందరాజుల వీధి · బుధవారం రాత్రి 8:22

తలకోన గారి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. జీతం జనానిది, పేరు ఎవరిది అని.

సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి గారు తిరుమల తిరుపతి దేవస్థానంలో శాసన పరిశోధకులుగా ఉద్యోగి. గోడల మీది వెయ్యికి పైగా శాసనాలను సేకరించి, పరిష్కరించిన పని ఆయనది. 1930లో దేవస్థానమే ఆయన నివేదికను అచ్చువేసింది, ఆయన పేరుతోనే. ఇవాళ ఎవరైనా తిరుమల చరిత్ర రాయాలంటే ముందు ఆయన పేరే ఎత్తాలి. అప్పటి కార్యనిర్వాహకులు ఎవరు? నాకే తెలియదు, మీకు తెలుసా? దేవస్థానం ఆయన పేరును దాచలేదు, ఆయన దేవస్థానం పేరును వాడుకుని ఇల్లు కట్టలేదు.

తలకోన · బుధవారం రాత్రి 8:50

పంతులు గారూ, గోడ మీది రాతను తప్పు చదివితే ఇంకో పండితుడు పట్టుకుంటాడు. ఆయన పేరు అలాంటి పరీక్షలకు నిలబడిన పేరు. చందాదారుల సంఖ్య అలాంటి పరీక్షేనా? తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి నారాయణి, ధరణి వేరుశనగ రకాలు వచ్చాయి. రైతులందరికీ రకాల పేర్లు తెలుసు. తయారుచేసిన శాస్త్రవేత్త పేరు ఒక్కరు చెప్పండి.

కాణిపాకం రైతు · బుధవారం రాత్రి 9:05

అదే మా బాధ తలకోన అన్నా. పేరు తెలిసి ఉంటే విత్తనం మొలవనప్పుడు ఫోను చేసేవాణ్ని.

ఏర్పేడు జంక్షన్ · గురువారం ఉదయం 10:10

ప్రకటన సంగతి ఎవరూ తేల్చలేదు. తోటమనిషి సార్, మీ ఛానల్‌లో డబ్బు వచ్చే ఏర్పాటు పెట్టుకున్నారా? దానికి వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణం ఉంటే అర్హత వస్తుంది, మీకు ఎప్పుడో వచ్చి ఉంటుంది. పెట్టుకుని ఉంటే ఫలానా కంపెనీ ప్రకటన, ఫలానా రకం ప్రకటన వద్దని ఆపే వీలుంది.

డబ్బు వద్దని ఆ ఏర్పాటు తీసేస్తే ప్రకటనలు పోతాయని అందరూ అనుకుంటారు. పోవు. డబ్బు తీసుకోని ఛానళ్ల మీద కూడా ప్రకటనలు వేసుకునే హక్కు యూట్యూబ్ తన షరతుల్లో రాసుకుంది, 2021 నుంచి మన దగ్గరా అంతే. మీకు పైసా రాదు, మందు ప్రకటన మాత్రం రావచ్చు.

ఫైలు నంబరు 27 · గురువారం ఉదయం 10:32

అంటే నిబంధన పాటించి డబ్బు మానుకుంటే ప్రకటన ఆపలేడు. ప్రకటన ఆపాలంటే డబ్బు తీసుకునే గుంపులో చేరాలి. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇంత చక్కటి ముడి చూడలేదు.

రాయలచెరువు గట్టు · గురువారం ఉదయం 11:00

ఇంకొకటి. త్రిపురలో లిపికా పాల్ అనే ఉద్యోగిని ఫేస్‌బుక్‌లో రాసినందుకు, ఒక సభకు వెళ్లినందుకు రిటైర్మెంటుకు కొద్ది రోజుల ముందు సస్పెండ్ చేశారు. 2020 జనవరిలో అక్కడి హైకోర్టు ఆమె వైపు నిలబడింది. ప్రభుత్వ ఉద్యోగి అయినంత మాత్రాన మాట్లాడే హక్కు పోదని చెప్పింది. ఆ తీర్పు ఫోనులో దాచుకున్నాను. మెమో వచ్చిన రోజు అది ఇంకా ఎక్కువసార్లు చదివాను.

తోటమనిషి · మరుసటి ఆదివారం సాయంత్రం 6:45

అందరికీ ధన్యవాదాలు. జరిగింది చెబుతాను.

ఉత్తరం ఇచ్చాను, ఇన్‌వర్డ్ నంబరు తీసుకున్నాను. పాస్‌వర్డ్ ఇవ్వలేదు. దాని బదులు ఆఫీసు పేరుతో వేరే ఛానల్ తెరిచి ఇచ్చాను. నా వీడియోలు అందులో కూడా వేసుకోవచ్చని రాసి ఇచ్చాను. పై అధికారి, "అయితే మొదటి వీడియోలో నేను మాట్లాడతాను" అన్నారు. మాట్లాడారు. బాగానే మాట్లాడారు, అబద్ధం ఎందుకు ఆడాలి.

నా ఛానల్‌లో హోదా తీసేశాను, శాఖ చిహ్నం తీసేశాను. పేరు ఉంచాను. తలకోన గారూ, దీని మీద మీరు తిట్టవచ్చు. డబ్బు ఏర్పాటు సంగతి ఆ ఉత్తరంలోనే అడిగాను, వచ్చినదంతా చలానా కట్టి ఖజానాకు జమచేస్తాను, ప్రకటనలు ఆపుకోనివ్వండి అని. సెక్షన్ క్లర్కు రెండుసార్లు చదివి, "ఇది ఏ పద్దు కింద రాయాలి సార్?" అన్నాడు. జవాబు వచ్చేదాకా ప్రతి వీడియో మొదట్లో "నేను ఏ కంపెనీ మందూ చెప్పను, ముందు వచ్చినది నాది కాదు" అంటున్నాను. పాత వీడియోల పేర్లలో ఏ నెల, ఏ సంవత్సరం తీసినదో చేర్చాను. ఒకటి మొత్తంగా తీసేశాను, అందులో చెప్పిన మోతాదు ఇప్పుడు సరికాదు.

కాణిపాకం రైతు · ఆదివారం రాత్రి 7:20

సార్, ఇంకొక్కటి. మీ వీడియో పద్నాలుగు నిమిషాలు. ఎప్పుడు కొట్టాలి అనేది పదకొండో నిమిషంలో వస్తుంది. అప్పటికి నేను స్ప్రేయరు వీపుకు తగిలించుకుని ఉంటాను. ముందే చెప్పండి.

తోటమనిషి · ఆదివారం రాత్రి 7:41

ఇప్పుడే మళ్లీ తీశాను. రెండున్నర నిమిషాలు వచ్చింది. పక్క తోటలో మోటారు ఆడుతోంది, మాట సరిగా వినిపించడం లేదు. రేపు కరెంటు పోయాక తీస్తాను.